వానడబ్బా హనుమన్న

డీలరు బసవన్న నోరు మూతపడిన రోజును కృష్ణవేణమ్మ ఎన్నటికీ మరిచిపోలేదు. చౌకదుకాణం ముందు కిరసనాయిలు వరసలో, సొట్టలు పడిన క్యాను చేతబట్టుకుని, ఆమె హనుమన్న వెనకే నిలబడి ఉంది. బసవన్న లీటరు కొలత అడుగును సుత్తితో లోపలికి కొట్టించాడని రేగడిపల్లెలో పాలు తాగే పిల్లలకు తప్ప అందరికీ తెలుసు. తెలిసి ఏం లాభం? అడిగితే వచ్చే నెల సరుకు రాలేదంటాడని ఎవరికి వారు తల వంచుకుని పోయించుకుపోయేవాళ్లు. కృష్ణవేణమ్మ మాత్రం ప్రతి నెలా నాలుగు మాటలు అనేది. ఆ మాటలకు కిరసనాయిలు ఒక్క చుక్క పెరిగింది లేదు.

ఆ రోజు హనుమన్న పోయించుకుని కదల్లేదు. సంచిలోంచి గీతలున్న గాజుబుడ్డి తీసి, అందరూ చూస్తుండగా ఆ కొలత కిరసనాయిలు అందులోకి వంచాడు. ఎనిమిది వందల ఎనభై గీత దగ్గర ఆగింది.

“నీ అంగట్లో నువ్వు గీసుకున్న గీతలు తెచ్చి నాకు చూపిస్తాండావా ఏమప్పా” అన్నాడు బసవన్న.

“గీతల మాట వదిలెయ్. లీటరు నీళ్లు కిలో తూగాల. రామసుబ్బయ్య అంగట్లో తక్కెడ ఉండాది. నీ కొలత పట్టుకుని రా.”

వరసంతా కదిలి రామసుబ్బయ్య అంగడి ముందుకు పోయింది. బసవన్న కొలత నిండా నీళ్లు పోసి తూచారు. పాత్ర బరువు తీసేస్తే ఎనిమిది వందల తొంభై గ్రాములు. ఇన్నేళ్ల కడుపుమంట ఒక్కసారి గొంతుల్లోకి వచ్చి జనం బసవన్న మీదికి పోతుంటే, హనుమన్న చేయి ఎత్తి ఆపాడు. ఆపి, తన గాజుబుడ్డిని కూడా తక్కెడలో పెట్టించాడు. లీటరు గీత దాకా నీళ్లు పోస్తే అది కిలో మీద పది గ్రాములు ఎక్కువ తూగింది.

“నా బుడ్డి కూడా తప్పే బసవన్నా. నిన్ను పది ఎక్కువ దొంగను చేసింది. నువ్వు కొట్టింది నూటపదే, నూటఇరవై కాదు” అన్నాడు, చాలా ముఖ్యమైన సంగతి చెబుతున్నట్టు.

జనం నవ్వారు. బసవన్న నవ్వలేకపోయాడు. పై నెలకు కొత్త కొలత వచ్చింది. కానీ కృష్ణవేణమ్మకు మాత్రం ఆ పది గ్రాములు గొంతులో ముల్లులా ఉండిపోయాయి. దారిలో హనుమన్నను నిలబెట్టి కడిగేసింది. గెలిచినోడివి నోరు మూసుకుని రాకుండా నీ తప్పు నువ్వే చాటుకోవడమేంది, నిన్నెవురన్నా అడిగినారా అని. దానికి హనుమన్న, మన తప్పు వాడు కనుక్కుంటే గెలిచింది కూడా పోతాది పెద్దమ్మా, మనమే చెప్పేస్తే వాడికి పట్టుకోను ఏమీ మిగలదు అన్నాడు. ఈ మనిషి బతకడం నేర్చుకోలేదు అనుకుంది ఆమె.

హనుమన్నకు అప్పటికి యాభై దాటాయి. పదో తరగతి తప్పి డోన్ పోయి, రైల్వేస్టేషను ఎదురుగా రేడియోలు బాగుచేసే ఒక సాయిబు దగ్గర ఆరేళ్లు పని నేర్చుకున్నాడు. తిరిగి వచ్చి చావిడి పక్కన గది తీసుకుని అంగడి పెట్టాడు. రేడియోలు పోయి టీవీలొచ్చాయి, టీవీల వెనకే సెల్‌ఫోన్లొచ్చాయి. ఆయన అంగడి మాత్రం అక్కడే ఉంది. ఏ వస్తువు తెచ్చిచ్చినా అది పనిచేయడం మొదలుపెట్టగానే ఇచ్చేయడు. ఎందుకు చెడిందో తేలాలి. దాని కారణం అంగడి తలుపు లోపలివైపు సుద్దముక్కతో రాసుకుంటాడు. బోరు మోటరు స్టార్టరు కోసం పొలంలో మనుషులు కాచుకుని ఉంటే, ఈయన తలుపు మీద అక్షరాలు దిద్దుకుంటూ కూర్చునేవాడు. ఊరంతా తిట్టుకునేది. చెడితే మళ్లీ ఆయన దగ్గరికే పోయేది.

ఇక 2006 వానాకాలం సంగతి. రేగడిపల్లెకు మండలాఫీసు ఇరవై కిలోమీటర్లు. వాన కొలిచే గరాటు ఆ ఆఫీసు ఆవరణలో ఉంది. అక్కడ పడితే మండలమంతా పడినట్టు. ఆ ఏడు అక్కడ పడింది, ఇక్కడ పడలేదు. మబ్బు వచ్చేది, వాగు దాకా వచ్చి అటే మళ్లిపోయేది. కృష్ణవేణమ్మ కొడుకు సుబ్బయ్య ఎనిమిదెకరాల్లో కొర్ర, పత్తి వేశాడు. కొర్ర జానెడు లేచి ఎండిపోయింది. రేగడి నేల అరచేయి పట్టేంత వెడల్పున నెర్రెలు విచ్చింది. అయినా కాగితాల్లో రేగడిపల్లె పచ్చగా ఉంది. కరువు జాబితాలో ఊరు చేరకపోతే రాయితీ విత్తనం లేదు, పశువులకు మేత లేదు. శనగ వేసే కాలానికి చేతిలో గింజ ఉండదు.

ఊరివాళ్లు పదిమంది మండలాఫీసుకు పోయారు. కృష్ణవేణమ్మ కూడా పోయింది, ఎండిన కొర్ర మొక్కలు ఒక పిడికెడు చెంగున కట్టుకుని. ఫ్యాను కింద కూర్చున్న ఆఫీసరు వాటి వంక చూడలేదు. మీ ఊర్లో వాన పడలేదనడానికి రుజువేముంది అన్నాడు. మేము రాసుకుంటాం సార్ అంటే, మీ చేత్తో మీరు రాసుకున్నది ఎవరు నమ్ముతారు అన్నాడు. పడని వానకు రుజువు తెమ్మన్న మనిషిని కృష్ణవేణమ్మ తన అరవై ఎనిమిదేళ్లలో అదే చూడటం. ఆ పిడికెడు కొర్రను ఆయన బల్ల మీద పెట్టి వచ్చింది. బంట్రోతు దాన్ని చెత్తబుట్టలో వేయడం గుమ్మం దాటుతూ చూసింది. 

హనుమన్న మాత్రం, గుమ్మం దగ్గర ఆగి వెనక్కి పోయి ఆఫీసరును ఒకటే అడిగాడు. చేయి తగలకుండా మిషను రాస్తే నమ్ముతారా సార్ అని. ఆఫీసరు నవ్వి, రెండు నెలలు గంటగంటకూ రాసి తీసుకురా, పైకి పంపుతాను అన్నాడు. వదిలించుకోవడానికి అన్న మాటే. హనుమన్నకు అలాంటివి అర్థం కావు; మాటంటే మాటే.

కర్నూలు పోయి ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని కాగితాలు అచ్చు తీయించుకొచ్చాడు. ఇంగ్లీషును అక్షరం అక్షరం కూడబలుక్కున్నాడు. బెంగుళూరు బస్సు డ్రైవరు చేత అగ్గిపెట్టెంత వైర్‌లెస్ బిళ్లలు మూడు తెప్పించాడు, ఒకటి కబురు పంపేది, రెండు అందుకునేవి. ప్లాస్టిక్ గొట్టం ముక్కకు స్టీలు గరాటు బిగించి, దాని కింద అటూ ఇటూ ఒరిగే జంట తొట్లు పెట్టాడు. ఒక తొట్టి వాననీటితో నిండితే ఒరిగిపోతుంది, రెండోది గరాటు కిందికి వస్తుంది. ఒరిగిన ప్రతిసారీ వైర్‌లెస్ డబ్బా ఒక కబురు పంపుతుంది. వాన లేకున్నా పది నిమిషాలకొకసారి, బతికే ఉన్నానని చెప్పడానికి, టిక్కుమంటుంది. అంగట్లో దాన్ని అందుకునే పెట్టెకు, ఊర్లో మూతపడిన ఎస్టీడీ బూతు బిల్లు మిషను తగిలించి, కరెంటు పోయినా ఆగకుండా రెండింటికీ బ్యాటరీ పెట్టాడు. గంటకొకసారి ఆ మిషను బిల్లు కాగితం మీద టైమూ వాన లెక్కా కొట్టేది. కబురు రాకపోతే అడ్డగీత కొట్టేది.

ఊర్లో ఎత్తయిన మిద్దె కృష్ణవేణమ్మది. పై నుంచి చూస్తే చావిడి, అంగడి తలుపు తిన్నగా కనిపిస్తాయి. హనుమన్న వచ్చి అడిగితే ఆమె బెట్టు చేయలేదు. ఎవరికీ దక్కని పని తన మిద్దెకు దక్కిందని లోపల గర్వమే. మిరపకాయలు ఆరబోసుకునే చోటు ఖాళీ చేసి ఇచ్చింది. గరాటు ఒకచోట, దానికి బారెడు దూరంలో, సన్నటి వైరుతో కలిపి, బండ మీద వైర్‌లెస్ డబ్బా. డబ్బా నెత్తిన జానెడు తీగ నిలువుగా నిలబడింది.

మొదటి వారం దివ్యంగా నడిచింది. మబ్బు పట్టి ఉన్న రోజులవి. తర్వాత ఎండ విరుచుకుపడింది. ఒక సాయంత్రం డబ్బాను ముట్టుకుని చూసిన హనుమన్న, ఈ వేడికి బ్యాటరీ తట్టుకుంటాదో లేదో అని తనలో తాను అనుకున్నాడు. కృష్ణవేణమ్మ విన్నది.

ఎండపొద్దున నెత్తిన గుడ్డ వేయనిదే మనవళ్లను వాకిలి దాటనివ్వని మనిషి ఆమె. మరునాడు పది దాటాక ఇంటి పనులు ముగించుకుని మిద్దె ఎక్కి, పెండ్లిళ్లకు అన్నం వండే సత్తు డేగిసా ఒకటి తెచ్చి డబ్బా మీద బోర్లించింది. గాలికి కదలకుండా పైన రాయి పెట్టింది. గరాటు జోలికి పోలేదు. వాన పడేది దాంట్లో కదా, ఆ మాత్రం తెలియదా. నాలుగింటికి, ఎండ దిగాక, తీసేసి గోడవార పెట్టేది. ఇది ఎవరికీ చెప్పలేదు. పెరుగు మీద మూత పెట్టానని ఎవరు చాటింపు వేస్తారు.

ఆ రోజు నుంచి అంగట్లో బిల్లు మిషను పదకొండు నుంచి నాలుగు దాకా అడ్డగీతలు కొట్టడం మొదలుపెట్టింది.

హనుమన్న బ్యాటరీ మార్చాడు. గీతలు పోలేదు. అతుకులన్నీ విప్పి మళ్లీ అతికాడు, తీగ ఒక వేలెడు పెంచాడు, తగ్గించాడు. వేడికే ఇట్లవుతాండాది పెద్దమ్మా అని అనుమానపడ్డాడు. ఆ మాట వినగానే ఆమె డేగిసా మీద తడి గోనెపట్ట కూడా కప్పడం మొదలుపెట్టింది. పిండిమిషను మోటరు కబురుకు అడ్డం తగులుతోందేమోనని ఆయన గురమ్మ మిషను దగ్గర రెండు రోజులు కాపలా కాశాడు. గురమ్మ, నా జొన్నపిండికి నీ వానకు సంబంధమేందప్పా అని చీపురు అడ్డం పెట్టింది. పగలంతా కరెంటు పోయిన రోజు కూడా గీతలు పడ్డాయి కాబట్టి మోటరు తప్పు కాదని తలుపు మీద రాసుకున్నాడు. అన్నిటికన్నా వింత, మధ్యాహ్నం ఆయన మిద్దె ఎక్కి చూస్తే డబ్బా నిక్షేపంగా పలికేది. కింది నుంచి పెద్దమ్మా అని కేక వినగానే ఆమె ముందుగా పైకి పోయి, ఆయన పనికి అడ్డం లేకుండా డేగిసా తీసి పక్కన పెట్టేది. ఆయన దిగిపోగానే మళ్లీ బోర్లించేది. మనిషిని చూసి నటిస్తాండాది పెద్దమ్మా అన్నాడొకసారి. పాపం ఎంత తిప్పలు పడుతున్నాడో అని ఆమె మజ్జిగ ఇచ్చింది.

ఇట్లా ఉండగా ఒక బుధవారం రెండింటికి వాన పడింది. పెద్దదేం కాదు, పావుగంట జల్లు. వీధిలో అందరూ తడిశారు. కృష్ణవేణమ్మ మిద్దె మీద ఇంకో మూల పోసిన మిరపకాయలు ఎత్తుకోవడానికి పరుగెత్తింది. బిల్లు కాగితం మీద మాత్రం ఆ గంటకూ అడ్డగీతే.

ఊరిపెద్దలు అంగడికి వచ్చి, ఎంతో కొంత వేసెయ్ హనుమన్నా, వాన పడింది నిజమే కదా అన్నారు. తెలియనిదాన్ని రాయనన్నాడు. మరునాడు ఆఫీసరు వేరే పని మీద జీపులో వచ్చి అంగట్లో తొంగి చూశాడు. రిజిస్టరులో అతికించిన బిల్లు కాగితాలు తిప్పాడు. బసవన్న పక్కనే చేతులు కట్టుకుని నిలబడి, బుధవారం మేమంతా తడిసినాం సార్, ఈయప్ప మిషను మాత్రం తడవలేదు అన్నాడు. ఆఫీసరు పడీపడీ నవ్వాడు. మీ మిషను వానలు మింగుతోంది, ఇంకా ఎన్ని మింగిందో ఎవరికి తెలుసు అన్నాడు. వచ్చే సోమవారం వస్తాను, ఇది ఎందుకు మూగబోతోందో చూపించు, లేదంటే ఈ రిజిస్టరు పొయ్యిలో పెట్టుకోండి అని జీపెక్కాడు.

వానలు మింగిందట. ఎండిన కొర్రను చెత్తబుట్టలో వేయించినవాడు ఆ మాట అనడమా. కృష్ణవేణమ్మ వీధిలోకి దూసుకొచ్చింది. ఆఫీసరు దొరకలేదు, బసవన్న దొరికాడు. నడివీధిలో నిలబెట్టింది.

“కొలత పోయిందని కడుపులో పెట్టుకుని, నా మిద్దె మీది డబ్బాకు ఏమో చేస్తాండావు నువ్వు. ఏం చేస్తాండావో నాకు తెలీదు, చేస్తాండేది నువ్వే. నీ చెయ్యి తప్ప ఈ ఊర్లో ఇంకో దొంగచెయ్యి లేదు.”

నీ ఇంట్లోకి నేను యాడ వచ్చినానమ్మా అన్నాడు బసవన్న. ఆమె వినలేదు. వీధంతా విన్నది. సాయంత్రానికి ఊరంతా అదే మాట. బసవన్న భార్య బావి దగ్గర బిందె దించి ఏడ్చిందని కూడా తెలిసింది. ఏడవనీ అనుకుంది కృష్ణవేణమ్మ.

హనుమన్న మాత్రం ఆ మాట పట్టించుకోలేదు. బిల్లు కాగితాలు అతికించిన రిజిస్టరును అంగట్లో నేల మీద పెట్టుకుని, వారాల వరసన తిప్పుతూ రెండు రోజులు దాని ముందే కూర్చున్నాడు. ఆదివారం పొద్దున్నే ఆ రిజిస్టరు చంకన పెట్టుకుని ఆమె ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని, నీళ్లు తాగి, నిదానంగా మొదలుపెట్టాడు.

“పెద్దమ్మా, ఏడు వారాలు. వారానికి ఆరు రోజులు గీతలు పడతాండాయి. శనివారం ఒక్కటి కూడా లేదు. ఎండ శనివారం కూడా కాస్తాది. పిండిమిషను శనివారం కూడా తిరుగుతాది. మిషనుకు వారాలు తెలీవు. వారాలు తెలిసేది మనిషికే.”

“అదే కదా నేను మొత్తుకునేది. ఆ బసవన్న శనివారం ఊర్లో ఉండడేమో చూడు.”

“ఉంటాడు. చూసినా. శనివారం నువ్వు ఏం చేస్తావు పెద్దమ్మా?”

ఏం చేస్తుంది. ఒక్కపొద్దు ఉంటుంది. పొద్దున్నే తలకు పోసుకుని వెంకటేశ్వరస్వామి గుడికి పోయి భజనలో కూర్చుని సాయంత్రానికి వస్తుంది. ముప్పై ఏళ్లుగా అంతే. ఆ పూట వంట లేదు, మిద్దె ఎక్కేది లేదు, అని చెబుతూ చెబుతూ ఆమె నోరు ఆగిపోయింది. మిద్దె ఎక్కేది లేదు.

లేచింది. మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి, డేగిసా నెత్తిన పెట్టుకుని దిగి వచ్చి ఆయన ముందు పెట్టింది. హనుమన్న దాన్ని చూశాడు, ఆమెను చూశాడు. అందుకునే రెండో బిళ్లతో చేసుకున్న చిన్న పెట్టెలాంటిది జేబులోంచి తీశాడు. డబ్బా పలికినప్పుడు వెలిగే దీపం ఉంది దానికి. డేగిసా ఎత్తుకుని తానే పైకి పోయి బోర్లించాడు. దీపం వెలగలేదు. ఇరవై నిమిషాలు చూశారు. తీశాడు. కాసేపటికి దీపం మినుక్కుమంది. మళ్లీ పెట్టాడు, మళ్లీ తీశాడు. రేడియో మాట సత్తును దాటి రాదు పెద్దమ్మా, అంతే అన్నాడు. తప్పు దొరికిన ఆనందంలో ఆయన ముఖం వెలిగిపోతోంది. సాయిబు దగ్గర మొదటి రేడియో పాడించిన రోజు కూడా అట్లాగే వెలిగి ఉంటుంది.

ఆ వెలుగు చూసి కృష్ణవేణమ్మకు ఒళ్లు మండింది. ముందే చెప్పకూడదా అని విరుచుకుపడింది. వేడి వేడి అని నా ముందర నసిగింది నువ్వే కదా, సత్తు కప్పొద్దని ఒక్క మాట అన్నావా, నీ చదువుకు నోరు లేదా అంది. హనుమన్న అంతా విన్నాడు. నిజమే, చెప్పాల్సింది, అది నా తప్పు అని ఒప్పుకున్నాడు. ఒప్పుకున్న మనిషితో ఎంతసేపని పోట్లాడుతుంది. ఆమె గొంతు దిగిపోయింది. ఎండకు మాడిపోతాండాదని కప్పినా నాయనా, అంతకన్నా ఏమీ లేదు అంది.

దీనికో దారి కూడా తానే చెప్పింది. రేపు ఆఫీసరొస్తే కోతులు తీగ పీకినాయని చెప్దాం. ఊర్లో కోతులున్నాయి, ఎవరూ కాదనరు. ఇక రేపటి నుంచి డేగిసా మిద్దె ఎక్కదు.

హనుమన్న తల అడ్డంగా ఊపాడు. కోతులకు శనివారం తెలీదు పెద్దమ్మా, ఆఫీసరు కాగితాలు తిప్పితే నాకు తెలిసిందే ఆయనకూ తెలుస్తాది, అప్పుడు మొత్తం అబద్ధమవుతాది అన్నాడు. తర్వాత కిందికి దిగి, అరుగు మీద వదిలిన పొడుగు రిజిస్టరు తీశాడు. బిల్లు కాగితాలు అయిపోయిన చోట ఒక తెల్ల పేజీ విప్పి, జేబులోని పెన్ను దాని మీద పెట్టి, ఆమె వైపు జరిపాడు. మూడో తరగతితో బడి మానేసి, వేలిముద్ర మాత్రం ఎన్నడూ వేయని ఆమె వేళ్లు ఆ పెన్ను దాకా పోయి ఆగిపోయాయి.

“నువ్వు రాయి, నేను సంతకం చేస్తా” అంది.

“నేను రాస్తే నిన్ను అడ్డం పెట్టుకుని నా మిషనును కాపాడుకున్నట్టవుతాది. నీ చేత్తో నువ్వే రాయాల పెద్దమ్మా. ఏ తేదీ నుంచి కప్పినావు, పొద్దున ఎన్నింటికి పెట్టినావు, ఎన్నింటికి తీసినావు, శనివారం ఏంటికి లేదు, బుధవారం వాన పడినప్పుడు డేగిసా దాని మీదే ఉండాదని. అక్షరాలు వంకరపోయినా పర్వాలేదు. కింద నీ పేరు పెట్టు. రేపు ఆఫీసరొస్తాడు, బసవన్న కూడా వస్తాడు. నువ్వు బసవన్నను నిలబెట్టినావే, ఆడనే నిలబడి, అందరూ వినేటట్టు అది చదువు.”